ఫుతోన్‌పై నిద్ర: ఎంచుకోవడం నుంచి దూది ఏకించడం దాకా

ఫుతోన్ అంటే నేల మీద పరుచుకుని పడుకునే జపాన్ పరుపు. రాత్రి పరుస్తారు, పొద్దున మడిచి అల్మరాలో పెట్టేస్తారు. ఇంతేగా అనిపిస్తుంది. కానీ ఉద్యోగానికో చదువుకో జపాన్ వచ్చి, మొదటిసారి దీని మీద పడుకున్న మనవాళ్ల దగ్గర నెల తిరక్కుండానే రెండు ఫిర్యాదులు వినిపిస్తాయి. నడుము పట్టేసిందని ఒకటి, పరుపు అడుగున నల్లగా బూజు పట్టిందని రెండోది. తప్పు పరుపుది అనుకుని దాన్ని పారేసి మంచం కొనేస్తారు. చాలాసార్లు పరుపు మంచిదే. ఎంచుకున్న తీరులోనో, పరిచి ఎత్తే తీరులోనో తేడా ఉంటుంది.

ఫుతోన్‌కు అసలు శత్రువు తడి. నిద్రలో మన ఒంటి నుంచి చెమటగా, ఆవిరిగా సుమారు ఒక గ్లాసు నీళ్లు బయటికి పోతాయని లెక్క. మంచం మీది పరుపుకు అడుగున గాలి ఆడుతుంది. నేల మీది పరుపుకు ఆడదు. ఒంటి వేడికి కిందికి దిగిన ఆవిరి చల్లటి నేల తగలగానే నీరై అక్కడే నిలిచిపోతుంది. కింద చెప్పబోయే పనుల్లో ముప్పాతిక వంతు ఆ తడిని ఏ రోజుది ఆ రోజు వదిలించడానికే.

ఒక పక్కకు ఏమేం ఉంటాయి

కింద పరిచేది షికిబుతోన్. పైన కప్పుకునేది కకెబుతోన్, మన రజాయి లాంటిది. తలగడ మకురా. షికిబుతోన్ మీద ఉతకడానికి వీలైన పలుచని ప్యాడ్, దాని మీద దుప్పటి వేస్తారు. చలికాలంలో మోఫు అనే ఉన్ని కంబళి తోడవుతుంది. ఇవన్నీ కలిపితేనే పక్క పూర్తవుతుంది. అమెరికాలో ఫుతోన్ అని అమ్మే చెక్క చట్రం సోఫా వేరే వస్తువు. మడిస్తే సోఫా, తెరిస్తే మంచం అయ్యే ఆ లావుపాటి పరుపు జపాన్ అల్మరాలో పట్టదు, మూడు మడతలు పడదు. అమెరికాలో ఉండేవాళ్లు ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు షికిబుతోన్ అని వెతికితే కావలసింది దొరుకుతుంది.

అసలైన షికిబుతోన్ లోపల ఉండేది దూది. ఆ దూది కథలో మన దేశం ఉంది కాబట్టి అది కూడా చెప్పి ముందుకు వెళ్తాను. 799లో ఒక చిన్న పడవలో ఎవరో విదేశీ యువకుడు మికావా తీరానికి కొట్టుకొచ్చాడని, తాను తెంజికు దేశం వాడినని చెప్పుకున్నాడని, అతని దగ్గర పత్తి విత్తనాలు ఉన్నాయని జపాన్ రాజాస్థాన చరిత్రలో రాసి ఉంది. తెంజికు అంటే ఆనాటి జపనీయులకు భారతదేశం. మరుసటి ఏడు ఆ విత్తనాలను పశ్చిమ ప్రాంతాల్లో నాటించారు గానీ పంట నిలవలేదు. ఐచి రాష్ట్రం నిషియో పట్టణంలో అతని పేరు మీద ఇప్పటికీ ఒక గుడి ఉంది, తెంజికు జింజా అంటారు. పత్తి సాగు జపాన్‌లో నిలదొక్కుకున్నది 16వ శతాబ్దంలో. అయినా జపాన్ చరిత్రలో ఎదో యుగం అనే కాలంలో (1603-1868) దూది పరుపు డబ్బున్నవాళ్లదే. పల్లెల్లో చాలామంది గడ్డి మీద, ఈతచాపల్లాంటి గడ్డి చాపల మీద పడుకునేవారు. 1893లో నిప్పొన్ యూసెన్ కంపెనీ టాటాలతో కలిసి కోబె, బొంబాయి మధ్య ఓడలు నడపడం మొదలుపెట్టింది. జపాన్‌కు అదే క్రమం తప్పకుండా ఓడలు నడిచే మొదటి దూరదేశపు మార్గం, మన పత్తిని తెచ్చుకోవడానికే వేసుకున్నది. దిగుమతి పత్తి చవకయ్యాకే దూది పరుపు సామాన్యుల ఇళ్లలోకి వచ్చింది.

ఇప్పటికీ మంచి ఫుతోన్ దుకాణంలో అడిగితే షికిబుతోన్‌కు ఇండియా దూది అంటారు. మన దేశీ పత్తి పోగు పొట్టిగా, మందంగా, బిరుసుగా ఉంటుంది. సన్నని బట్ట నేయడానికి పనికిరాని ఆ గుణమే ఇక్కడ వరం. ఒంటి బరువుకు అణిగినా ఎండ తగలగానే మళ్లీ లేస్తుంది. పొడుగు పోగు మెత్తని దూదిని కప్పుకునే కకెబుతోన్‌కు వాడతారు.

1. సరైనది ఎంచుకోవడం

కొలత ముందు చూడండి. ఒక్కరికి సింగిల్ 100 సెంటీమీటర్ల వెడల్పు, 210 పొడవు. సెమీ డబుల్ 120, డబుల్ 140 వెడల్పు. పొడవు ఇంచుమించు అదే. దంపతులకు నా సలహా డబుల్ వద్దు, రెండు సింగిళ్లు పక్కపక్కన వేసుకోండి. డబుల్ ఫుతోన్ రోజూ మడవడం, ఎత్తడం, బాల్కనీలో ఎండేయడం ఒక్కరి వల్ల కాదు. రోజూ ఎత్తలేని ఫుతోన్ నేల మీదే ఉండిపోతుంది, ఉండిపోతే బూజు పడుతుంది.

తర్వాత లోపలి సరుకు. పూర్తి దూదితో చేసిన సింగిల్ షికిబుతోన్ 6 కిలోల దాకా బరువు ఉంటుంది. చెమట బాగా పీలుస్తుంది, ఎండకు పొంగుతుంది, ఏళ్ల తర్వాత ఏకించి మళ్లీ కుట్టించుకోవచ్చు. బరువు ఒక్కటే దాని కష్టం. పాలిస్టర్‌ది అందులో సగం బరువు కూడా ఉండదు, ధర తక్కువ, దుమ్ము రాలదు. కానీ చెమట పీల్చదు, ఒకసారి అణిగిపోతే మళ్లీ లేవదు. ఉన్నిది తడిని బాగా పట్టి వదులుతుంది, చలి ప్రాంతాలకు మంచిది. ఈ మధ్య ఎక్కువగా అమ్ముడయ్యేది మిశ్రమం. మధ్యలో గట్టి పాలిస్టర్ దిమ్మె, దానికి కింద పైన దూదో ఉన్నో పొర. రెండు మూడేళ్లు ఉండి వెళ్లిపోయేవాళ్లకు అది సరిపోతుంది. ఐదారేళ్లు ఉంటాం అనుకుంటే దూదిదే కొనండి.

నడుము నొప్పి ఫిర్యాదు ఎక్కువగా ఇక్కడే పుడుతుంది. సామాన్ల దుకాణాల్లో పరుపు, రజాయి, దిండు, కవర్లు కలిపి ఒక సంచిలో పెట్టి చవగ్గా అమ్మే సెట్ ఉంటుంది. వచ్చిన మొదటి వారంలో అందరూ అదే కొంటారు. అందులోని షికిబుతోన్ పలుచన. మీరు దాని మీద వెల్లకిలా పడుకుంటే పిరుదులు, భుజాలు నేలకు తగులుతాయి. కొనేముందు దుకాణంలో నేల మీద పరిపించి, మోకాలు ఆనించి బరువంతా ఒకచోట వేసి చూడండి. మోకాలికి గట్టిగా నేల తెలిస్తే అది మీకు చాలదు. ఇప్పటికే కొనేసి ఉంటే పారేయనక్కర్లేదు, అడుగున మూడు మడతల ఫోమ్ పరుపు ఒకటి వేసుకోండి. ఫోమ్ పరుపుల చీటీ మీద న్యూటన్లలో ఒక అంకె ఉంటుంది. 110 దాటితే గట్టిది, 75 నుంచి 110 లోపు మధ్యరకం, 75 లోపు మెత్తనిది. అడుగున వేయడానికి గట్టిదే కావాలి.

దిండు గురించి ఒక జాగ్రత్త. సంప్రదాయ దిండులో సొబగరా, అంటే బక్‌వీట్ గింజల పొట్టు నింపుతారు. తలకు చల్లగా, మెడకు నిలకడగా ఉంటుంది. కానీ బక్‌వీట్ అలర్జీ జపాన్‌లో తరచుగా కనిపించేదే, ఒక్కోసారి ప్రమాదకరం కూడా. ఇంట్లో చిన్నపిల్లలున్నా, ఆస్తమా ఉన్నా ఆ దిండు జోలికి పోకండి.

2. చోటు సిద్ధం చేయడం

ఫుతోన్ పుట్టింది తతామి కోసం. తతామి అంటే గడ్డి దిమ్మె మీద ఇగుసా అనే తుంగజాతి గడ్డితో నేసిన చాప బిగించిన పలక. పాతరకం తతామి 5 సెంటీమీటర్ల పైగా మందం ఉంటుంది. కాలికి కొద్దిగా మెత్తన, పైగా గడ్డి గనుక తేమను కొంత పీల్చి మెల్లగా వదులుతుంది. జపాన్‌లో పండే ఇగుసాలో అత్యధిక భాగం కుమమొతొ రాష్ట్రానిదే. గది కొలత కూడా తతామి లెక్కలోనే చెబుతారు. ఆరు తతామిల గది అంటే సుమారు 10 చదరపు మీటర్లు. పగలు అదే హాలు, రాత్రి అదే పడకగది. ఇద్దరికి పక్క వేసినా నడవడానికి చోటు మిగులుతుంది.

తతామి గదిలోకి చెప్పులే కాదు, ఇంట్లో వేసుకునే స్లిప్పర్లు కూడా తీసేసి వెళ్లాలి. తడి గుడ్డతో తుడవకండి. పొడి గుడ్డతో, నేత ఎటు ఉంటే అటు తుడవాలి.

కొత్త అపార్ట్‌మెంట్లలో తతామి గది ఉండదు, చెక్క ఫ్లోరింగ్ ఉంటుంది. బూజు ఫిర్యాదులన్నీ దాదాపు అక్కడినుంచే. చెక్క పైన పాలిష్ పూత తడిని పీల్చదు. చలికాలంలో నేరుగా ఫ్లోరింగ్ మీద ఫుతోన్ వేసి, వారం పాటు ఎత్తకుండా ఉంచి చూస్తే అడుగున చెయ్యి పెట్టగానే తడి తెలుస్తుంది. దీనికి రెండు ఏర్పాట్లు ఉన్నాయి. ఒకటి సునొకో, అంటే సందులు వదిలి కొట్టిన చెక్క బద్దల పలక. హినోకి, కిరి కలపతో చేసినవి తేలిగ్గా ఉంటాయి, మడతపడేవీ ఉన్నాయి. మడిచి నిలబెడితే ఫుతోన్‌ను దాని మీదే ఆరేసుకోవచ్చు. రెండోది తేమ పీల్చే షీట్. లోపల సిలికా జెల్ ఉంటుంది. అంచున చిన్న నీలిరంగు గుర్తు ఉంటుంది, అది గులాబీ రంగుకు తిరిగితే షీట్ నిండిపోయిందని అర్థం. ఎండలో పడేస్తే మళ్లీ నీలంగా అవుతుంది. నేనైతే రెండూ వాడమంటాను. కింద సునొకో, దాని మీద షీట్, ఆపైన ఫుతోన్.

కిటికీకి, బయటి గోడకు ఆనించి వేయకండి. చలికాలంలో అద్దం మీద నుంచి దిగే చల్లగాలి సరిగ్గా నేల మట్టానికే వస్తుంది. తల ఎటు పెట్టాలన్న దాంట్లో మనకూ వాళ్లకూ ఒకటే పట్టింపు. ఉత్తరం వైపు తల పెట్టరు. జపాన్‌లో చనిపోయినవారిని అలా పడుకోబెడతారు గనుక బతికున్నవాళ్లకు కూడదంటారు. బుద్ధుడు నిర్యాణ వేళ ఉత్తరానికి తల పెట్టి పడుకున్నాడన్నది వాళ్లు చెప్పే కారణం. సంప్రదాయ సత్రాల్లో పక్కలు వేసేవాళ్లు ఇప్పటికీ ఇది చూసుకుంటారు. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే ఈ ఒక్క విషయంలో సర్దిచెప్పే పని ఉండదు.

3. రాత్రి పక్క వేయడం

ముందు నేల ఊడ్చండి. మంచం మీద పడుకునేటప్పుడు పట్టించుకోని దుమ్ము, ఇక్కడ ముక్కుకు జానెడు దూరంలో ఉంటుంది. తర్వాత సునొకో, షీట్, షికిబుతోన్, ప్యాడ్, దుప్పటి. దుప్పటి అంచులు పరుపు కిందికి దోపాలి, లేదంటే తెల్లారేసరికి కాళ్లకు చుట్టుకుంటుంది.

కకెబుతోన్‌కు కవరు తొడగడం కొత్తవాళ్లకు పెద్ద తలనొప్పి. లోపల రజాయి ఒక మూలకు జారిపోయి, కవరు ఒక్కటే చేతికి వస్తుంటుంది. పద్ధతి ఇది. కవరును తిరగేసి, లోపలి వైపు బయటికి వచ్చేలా నేల మీద పరవండి. దాని మీద రజాయి పరవండి. కవరు లోపల అంచుల్లో చిన్న నాడాలు కనిపిస్తాయి. సాధారణంగా ఎనిమిది చోట్ల, నాలుగు మూలల్లోనూ నాలుగు పక్కల మధ్యలోనూ ఉంటాయి. రజాయికి సరిగ్గా అవే చోట్ల ఉంగరాల్లా దారపు కొక్కేలు ఉంటాయి. ఒక్కో నాడాను కొక్కెంలో దూర్చి ముడివేయండి. బూట్లకు వేసే ముడి చాలు, ఉతికేటప్పుడు విప్పాలి కదా. అన్నీ కట్టాక జిప్పు ఉన్న వైపు నుంచి లోపలికి చేయి పెట్టి, ఎదురుగా ఉన్న రెండు మూలలను రజాయితో సహా పట్టుకుని బయటికి లాగండి. కవరు మొత్తం సరైన వైపుకు తిరిగి, రజాయి లోపల అమరిపోతుంది. జిప్పు వేసి రెండుసార్లు విదిలిస్తే చాలు.

కంబళి వాడేటప్పుడు ఒక సూక్ష్మం. లోపల ఈకల రజాయి అయితే కంబళిని ఒంటికి ఆనించి కాక, రజాయి పైన వేసుకోవాలి. ఈకలు ఒంటి వేడికి పొంగితేనే వెచ్చదనం. మధ్యలో కంబళి అడ్డం వస్తే ఆ వేడి అందదు.

4. పొద్దున లేచాక

లేవగానే మడవకండి. అప్పుడు పక్కలో రాత్రంతా పట్టిన ఆవిరి ఉంటుంది. మడిస్తే దాన్ని లోపల పెట్టి మూట కట్టినట్టే. కప్పుకున్నది కాళ్ల వైపుకు తిప్పేయండి, కిటికీ తెరవండి, పళ్లు తోముకుని కాఫీ తాగి రండి. అరగంట ఆరితే మేలు, గంట అయితే ఇంకా మంచిది. ఆఫీసుకు తొందర ఉన్నవాళ్లు కనీసం షికిబుతోన్ ఎత్తి కుర్చీ వీపు మీద వేసి వెళ్లండి. అడుగు భాగానికి గాలి తగలడం ముఖ్యం.

ఆరాక షికిబుతోన్‌ను మూడు మడతలు వేయాలి. తల వైపు ఒకటి, కాళ్ల వైపు ఒకటి మధ్యలోకి. పరిచేటప్పుడు వారానికోసారి తలవైపును కాళ్లవైపుకు మార్చండి, పై భాగాన్ని కిందికి తిప్పండి. నడుము ఆనేచోట పరుపు ముందు అణుగుతుంది. మార్చి మార్చి వేస్తే అణగడం అంతటా సమంగా ఉంటుంది, పరుపు ఎక్కువ కాలం వస్తుంది.

పెట్టే చోటు ఒషీరె, అంటే జారుడు తలుపుల గోడ అల్మరా. మామూలు బీరువా కన్నా బాగా లోతుగా, మడిచిన ఫుతోన్ అడ్డంగా పట్టేలా ఉంటుంది. నడుము ఎత్తులో ఒక అర. తేమ కిందికి చేరుతుంది గనుక ఫుతోన్లు పై అరలోనే పెట్టాలి. అడుగున షికిబుతోన్, మీద కకెబుతోన్, పైన దిండు. అర మీద, వెనక గోడకు కూడా చిన్న సునొకోలు పెట్టి గాలికి సందు ఉంచండి. పగలు ఇంట్లో ఎవరైనా ఉంటే తలుపు కొద్దిగా తెరిచే ఉంచండి. ఒషీరె లేని ఇంట్లో మడిచిన ఫుతోన్‌ను సునొకో మీద గోడకు దూరంగా పెట్టినా సరే.

ఎత్తకుండా రోజుల తరబడి పరిచే ఉంచే పక్కను మన్నెన్‌దొకో అంటారు. ఒంటరిగా ఉండే కుర్రాళ్ల గదుల్లో ఇది మామూలే. దయచేసి మీ గదిలో ఉండనివ్వకండి. బూజు ముందు ఫుతోన్ అడుగున, తర్వాత తతామికి, ఆపైన మీ ఊపిరితిత్తులకు. తతామి పాడైతే ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులోంచి కోత కూడా పడుతుంది.

5. ఎండ

ఎండ ఉన్న రోజు ఏ జపాన్ వీధిలో చూసినా బాల్కనీ కమ్మీల నిండా పరుపులు వేలాడుతుంటాయి. దూది ఫుతోన్‌ను వారానికి ఒకటి రెండుసార్లు ఎండేయాలి. వేళ పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3 లోపు. ఒక్కో వైపు గంట నుంచి రెండు గంటలు. 3 దాటాక గాలిలో తేమ పెరుగుతుంది, సాయంత్రం దాకా వదిలేస్తే పొద్దున వదిలిన తడిని మళ్లీ పట్టేసుకుంటుంది. ముందు రోజు వాన పడి ఉంటే ఆ రోజు ఎండ ఎంత బాగున్నా వద్దు, నేల నుంచి ఆవిరి లేస్తూ ఉంటుంది. పాలిస్టర్‌ది వారానికోసారి చాలు. ఉన్ని, ఈకలవి నెలకు ఒకటి రెండుసార్లు నీడలో గాలికి వేస్తే చాలు, నేరుగా ఎండ వాటికి మంచిది కాదు.

కమ్మీని ముందు తుడవాలి. కవరు తీయకుండానే వేయండి, గుడ్డ వెలిసిపోదు. పెద్ద క్లిప్పులు, వాటిని ఫుతోన్‌బసామి అంటారు, రెండు వైపులా పెట్టడం మర్చిపోకండి. 6 కిలోల పరుపు గాలికి జారి నాలుగో అంతస్తు నుంచి కింద నడిచేవాళ్ల మీద పడితే చిన్న విషయం కాదు. ఎత్తైన అపార్ట్‌మెంట్లలో కమ్మీ మీద వేయడమే నిషేధం, అద్దె ఒప్పందంలో చూసుకోండి. అక్కడ బాల్కనీ లోపల స్టాండు మీద వేసుకోవాలి.

పేము కర్రతో దబదబా బాదడం పాత అలవాటు. బాదితే పోగులు తెగి దూది పొడి అవుతుంది. లోపలి పురుగుల అవశేషాలు పైకి వస్తాయి. లోపలికి తెచ్చుకునేముందు చేత్తో పైపైన తడిమి, తర్వాత వ్యాక్యూమ్ క్లీనర్‌తో నెమ్మదిగా లాగితే చాలు.

ఎండకు వేసిన దూది ఫుతోన్‌ను సాయంత్రం పరిచినప్పుడు చూడండి. పొద్దున అరచేయంత మందం ఉన్నది వేలెడు పైకి లేచి ఉంటుంది. ముఖం ఆనిస్తే ఎండ వాసన వస్తుంది. పాలిస్టర్ కొన్నవాళ్లకు ఆ సుఖం తెలియదు.

6. ఎండ లేని నెలలు, పురుగులు

టోక్యో ప్రాంతంలో జూన్ మొదట్లో మొదలై జూలై మధ్య దాకా త్సుయు, అంటే వానల ముసురు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సుగి చెట్ల పుప్పొడి, దాంతో తుమ్ములూ కళ్ల దురదలూ. ఆ రోజుల్లో ఫుతోన్ బయట వేస్తే పుప్పొడిని పరుచుకుని పడుకున్నట్టే. జపాన్ సముద్రం వైపు ఊళ్లలో చలికాలమంతా మంచు, మబ్బు. వీటన్నిటికీ జవాబు ఫుతోన్ డ్రయ్యర్. చిన్న సూట్‌కేసంత పెట్టె, ఒక గొట్టం. గొట్టాన్ని షికిబుతోన్, కకెబుతోన్ మధ్య దూర్చి స్విచ్ వేస్తే వేడిగాలి నింపుతుంది. జపాన్ వచ్చాక ఫుతోన్ తర్వాత కొనాల్సిన రెండో వస్తువు ఇదే అంటాను.

దీనితో ఇంకో లాభం ఉంది. పరుపుల్లో పెరిగే కంటికి కనపడని డస్ట్ మైట్స్ 20 నుంచి 30 డిగ్రీల వేడి, 60 శాతం దాటిన తేమ ఉంటే విపరీతంగా పెరుగుతాయి. అలర్జీ, ఆస్తమా ఉన్నవాళ్లకు పెద్ద ఇబ్బంది అవే. మామూలు ఎండకు అవి చావవు, ఎండ తగలని వైపు లోపలికి పారిపోతాయి. 50 డిగ్రీలు అరగంట ఉంటే చస్తాయి, 60 అయితే వెంటనే. డ్రయ్యర్‌లో మైట్స్ కోసం విడిగా ఒక బటన్ ఉంటుంది. అది నడిపాక వ్యాక్యూమ్ కొట్టడం తప్పనిసరి. చచ్చినవి లోపలే ఉంటే అలర్జీ తగ్గదు.

7. ఉతకడం

కవర్లు, ప్యాడ్ వారానికోసారి మెషీన్‌లో వేయండి. దూది షికిబుతోన్‌ను మాత్రం ఎప్పుడూ నీళ్లలో ముంచకండి. దూది ఉండలు కట్టేస్తుంది, లోపల ఆరదు. పిల్లలు పక్క తడిపితే వెంటనే పొడి తువ్వాలుతో అద్ది, గోరువెచ్చని నీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, అదే రోజు డ్రయ్యర్ పెట్టండి. పాలిస్టర్‌ది, ఈకలది అయితే వీధిలోని కాయిన్ లాండ్రీలో పెద్ద మెషీన్లు ఉంటాయి. చీటీ మీద ఉతకవచ్చన్న గుర్తు ఉందో లేదో చూసి వేయండి.

8. ఉచినావోషి

మూడు నుంచి ఐదేళ్లు వాడాక దూది ఫుతోన్ ఎంత ఎండేసినా లేవదు. అప్పుడు పారేయరు, ఉచినావోషికి ఇస్తారు. దుకాణంవాళ్లు కుట్లు విప్పి దూది బయటికి తీస్తారు, మెషీన్‌లో వేసి ఏకుతారు, దుమ్ము, తెగిన పోగు రాలిపోతాయి. తగ్గిన మేరకు కొత్త దూది కలుపుతారు. దూది పలుచని పొరలుగా వస్తుంది. ఆ పొరలను ఒకదాని మీద ఒకటి, నిలువుగా అడ్డంగా మార్చి మార్చి పేర్చడంలోనే పనితనం ఉంది. నడుము వచ్చేచోట మధ్యలో కాస్త ఎత్తుగా, అంచులకు వచ్చేసరికి సమంగా. మూలల్లో దూదిని వేళ్లతో నొక్కి నిండుగా కూరుతారు, లేకపోతే మూలలు నెలలోనే బోలు అయిపోతాయి. చివరికి లావు దారంతో అక్కడక్కడ టాకాలు వేసి బిగిస్తారు, దూది జరగకుండా. పరుపులు కుట్టేవాళ్లకు జపాన్ ప్రభుత్వం నైపుణ్య పరీక్ష కూడా పెట్టి ధ్రువపత్రం ఇస్తుంది.

ఇది చదువుతుంటే మన వీధుల్లో వింటిలాంటి ఏకుడు సాధనం భుజాన వేసుకుని వచ్చే దూదేకులవాళ్లు గుర్తొస్తారు. పని అక్షరాలా ఒకటే. జపాన్‌లోనూ ఆ పాతకాలపు విల్లు ఉండేది, ఇప్పుడు మెషీన్లు వచ్చాయి. ఏకిస్తే ఒక పెద్ద పరుపు దూదితో పిల్లలకు చిన్నది, కూర్చునే జబుతోన్లు కూడా చేయించుకోవచ్చు.

పాలిస్టర్‌ది పాతబడితే పారేయడమే. కానీ ఊరికే చెత్తలో పెట్టకూడదు. చాలా మున్సిపాలిటీల్లో అది సోదై గోమి, అంటే పెద్ద చెత్త కింద లెక్క. ముందు ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో నమోదు చేసుకుని, కిరాణా దుకాణంలో రుసుము స్టిక్కర్ కొని అంటించి, వాళ్లు చెప్పిన రోజు బయట పెట్టాలి. ఇల్లు ఖాళీ చేసే వారంలో ఈ తేదీ దొరక్క టెన్షన్ పడేవాళ్లు ఎందరో. నెల ముందే నమోదు చేయండి.

ఎవరికి నప్పదు

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు, నెలలు నిండిన గర్భిణులకు నేల మీద నుంచి లేవడమే కష్టం. జపాన్‌లోనూ వయసు మళ్లినవాళ్లు చాలామంది మంచానికి మారుతున్నారు. నడుముకు ఇప్పటికే వైద్యం తీసుకుంటున్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే మారండి. పసిపిల్లలను పెద్దల మెత్తని ఫుతోన్‌లో పడుకోబెట్టకండి, గట్టిగా ఉండే పిల్లల ఫుతోన్ విడిగా దొరుకుతుంది. ముఖం మీదికి జారే రజాయి అసలే వద్దు.

మన ఊళ్లో కావాలంటే

జపాన్ నుంచి మోసుకురానక్కర్లేదు. పరుపులు కుట్టేవాళ్ల దగ్గర కొలతలిచ్చి చేయించుకోవచ్చు. వెడల్పు 3 అడుగుల 3 అంగుళాలు, పొడవు 6 అడుగుల 11 అంగుళాలు, దూది 6 కిలోలు అని చెప్పండి. ఇంత పలుచనా అని అడుగుతారు, మూడు మడతలు పడాలి అని చెప్పండి. బూరుగు దూది వద్దనండి. మెత్తగా ఉంటుంది గానీ చెమట పీల్చదు. పత్తి దూదే కావాలి, దేశీ రకం దొరికితే మరీ మంచిది. ఇప్పుడు మన మార్కెట్ యార్డులకు వచ్చేది దాదాపుగా పొడుగు పోగు పత్తే, అయినా పనికొస్తుంది, కాస్త తొందరగా అణుగుతుంది అంతే. పైగుడ్డ ముతక నూలుదే తీసుకోండి, టెరికాట్ కలిసినది వద్దు. టాకాలు జానెడు దూరంలో వేయించండి.

మన ఇళ్లలో టైల్స్, మార్బుల్ ఎక్కువ. అవి ఫ్లోరింగ్ కన్నా చల్లన, తడి పీల్చవు. అడుగున తుంగచాప తప్పకుండా వేయండి, పొద్దున చాపను కూడా ఎత్తి నిలబెట్టండి. కోస్తాలో ఉక్కపోత ఎక్కువ గనుక ఎత్తడం ఒక్కరోజు కూడా మానకూడదు. ఎండ మనకు కొదవలేదు, మేడ మీద పిట్టగోడ శుభ్రంగా తుడిచి వేస్తే వేసవిలో ఒక్కో వైపు అరగంట చాలు. వానాకాలంలో ఫ్యాన్ కింద రెండు కుర్చీల మీద వేసి ఆరబెట్టండి, ముక్కిన వాసన వస్తోందంటే అప్పటికే ఆలస్యమైందని అర్థం. కుట్టించే పని వానలకు ముందే, ఏప్రిల్ లోపు పెట్టుకోండి. దూది పొడిగా ఉన్నప్పుడు ఏకితేనే బాగా విడుతుంది.